కాల్ చేయాలా, ఫోల్డ్ చేయాలా? ఫ్లష్ డ్రా మీద పాట్ ఆడ్స్ లెక్క

#1 కొత్తపేక

హోల్డెమ్ పోకర్, 1-3 డాలర్ల క్యాష్ గేమ్. అందరి దగ్గరా మొదట 300 డాలర్లు. ఫ్లాప్‌కు (బల్ల మీద తెరిచే మొదటి మూడు ముక్కలకు) ముందు నలుగురు 15 చొప్పున పెట్టారు, పాట్ (మధ్యలో పోగైన డబ్బు) 60. మన చేతిలో ఆఠీను ఆసు, ఆఠీను 6.

ఫ్లాప్: ఆఠీను రాజు, ఆఠీను 8, కళావరు 3. ఇంకో ఆఠీను పడితే ఫ్లష్ (ఒకే రంగు ముక్కలు ఐదు); ఇలా ఒక్కటి తక్కువైన చేతినే ఫ్లష్ డ్రా అంటారు.

ఒకాయన 45 బెట్ వేశాడు, మిగతా ఇద్దరూ ఫోల్డ్ (చెయ్యి వదిలేశారు). ఇక మన వంతే మిగిలింది. కాల్ చేసి, అంటే మనమూ 45 పెడితే పాట్ 150 అవుతుంది, అంటే నూటికి 30 సార్లు గెలిస్తే సరిపోతుంది. ఫ్లష్ పడే అవకాశం 35 శాతమని పట్టికలన్నిటిలో ఉంది. 30 కన్నా 35 ఎక్కువే కాబట్టి కాల్ లాభమే కదా? కానీ ఇదే లెక్కతో టర్న్ (నాలుగో ముక్క), రివర్ (ఐదో ముక్క) దాకా వెళ్తే డబ్బు పోతుందని అనుభవమున్నవాళ్లు అంటున్నారు. తప్పు ఎక్కడుందో వివరంగా చెప్పగలరా?

#2 లెక్కలపంతులు

ముందుగా, 30 శాతం సరిగ్గా వేశారు. చాలామంది 45ను 105తో భాగించి 43 శాతం కావాలనుకుంటారు. మనం పెట్టబోయే 45 కూడా గెలిస్తే వెనక్కి వచ్చేదే కాబట్టి భాగించాల్సింది కాల్ తర్వాతి పాట్‌తో. నిష్పత్తిగా చెప్పుకున్నా ఇంతే: 105కి 45, అంటే రెండుంబావుకు కొంచెం పైన. 2.33కు 1 కలిపి, 1ని దానితో భాగిస్తే మళ్లీ 30 శాతమే.

చిక్కంతా 35తో. అది టర్న్, రివర్ రెండు ముక్కలూ చూస్తే వచ్చే అంకె. మీరు 45 పెట్టి కొనుక్కుంటున్నది టర్న్ ముక్క ఒక్కటే. రివర్ చూడాలంటే మళ్లీ డబ్బు కట్టాల్సి రావచ్చు. కనబడని ముక్కలు 47, వాటిలో ఆఠీన్లు 9. 47లో 9 అంటే 19.1 శాతం. ధర 30, చేతిలో ఉన్నది 19.

అదే ఆయన 45తో ఆల్ ఇన్ అయి ఉంటే (తన ముందున్నదంతా పెట్టేసి ఉంటే) 35 సరైన అంకే. ఇక ఎవరూ బెట్ వేయలేరు, రెండు ముక్కలూ ఖాయం. 150లో 35 శాతం సుమారు 52.50, పెట్టింది 45. సగటున ఏడున్నర డాలర్ల లాభం. ముక్కలు అవే, బెట్ అదే. ఆయన ముందు ఇంకా చిప్స్ ఉన్నాయా లేవా అన్నదాన్నిబట్టి లెక్క మారిపోతుంది.

#3 ఫోల్డ్‌ఫస్ట్

అయితే ఫ్లాప్ మీదే ఫోల్డ్ అన్నమాట. 30 కావాలి, 19 ఉంది. ఇంకేం ఆలోచించాలి?

#4 ఇస్పేటురాణి

అంత తొందరగా తేల్చేయకండి. ఆఠీను పడ్డాక గెలిచేది ఇప్పుడున్న పాట్ ఒక్కటే కాదు, తర్వాత ఆయన పెట్టేది కూడా. దాన్ని లెక్కలోకి తేవడం కష్టం కాదు.

టర్న్‌లో ఆఠీను పడని ముక్కలు 38, పడేవి 9. పడని 38 సార్లు 45 చొప్పున పోతుంది. పడిన 9 సార్లలో ఒక్కోసారి ఎంత రావాలి? 45ను 38తో గుణించి 9తో భాగిస్తే 190. పాట్‌లో ఇప్పటికే 105 ఉంది. కొరత 85. ఆఠీను పడినప్పుడల్లా సగటున ఇంకో 85 డాలర్లు రాబట్టగలిగితే కాల్ సమానానికి వస్తుంది.

కాల్ తర్వాత ఇద్దరి ముందూ 240 మిగులుతుంది. ఆసు ఫ్లష్ పడితే అంతకన్నా పెద్ద ఫ్లష్ ఎవరికీ ఉండదు, ఇంకా రెండు రౌండ్ల బెట్టింగ్ ఉంది. 240లో 85 అసాధ్యమేమీ కాదు. పైగా టర్న్ ఖాళీగా పోయినప్పుడు ఆయన చెక్ చేస్తే (బెట్ వేయకుండా వదిలితే) రివర్ ఉచితంగా దొరుకుతుంది. కాబట్టి ఫ్లాప్ కాల్ నిలబడుతుంది. కొత్తపేక గారు చెప్పిన 35 వల్ల కాదు, వెనకాల ఉన్న 240 వల్ల.

#5 కొత్తపేక

అర్థమైంది. ఇప్పుడు టర్న్‌లో ఇస్పేటు 5 పడిందనుకుందాం. పాట్ 150. ఆయన మళ్లీ 100 బెట్.

#6 లెక్కలపంతులు

కాల్ తర్వాత పాట్ 350. 350లో 100 అంటే 28.6 శాతం. కనబడని ముక్కలు 46, ఆఠీన్లు 9, అంటే 19.6. ఇక్కడ ఒక్క ముక్కే మిగిలింది కాబట్టి ఏ అంకె వాడాలన్న గందరగోళం లేదు.

కొరత చూద్దాం. 100ను 37తో గుణించి 9తో భాగిస్తే 411. పాట్‌లో ఉన్నది 250. ఇంకా 161 రావాలి. కాల్ చేస్తే ఆయన ముందు మిగిలేది 140 మాత్రమే. మొత్తం ఊడ్చేసినా 161 రాదు. ఫోల్డ్.

మొదట 500తో కూర్చుని ఉంటే మిగిలేది 340. ఆఠీను పడ్డ ప్రతిసారీ 161 అంటే అందులో దాదాపు సగం. బల్ల మీద మూడో ఆఠీను కనబడగానే చెక్ చేసి ఫోల్డ్ చేసే మనిషైతే అదీ రాదు. రాజు జత పట్టుకుని చివరిదాకా కాల్ చేసే మనిషైతే వస్తుంది.

#7 డాలస్_టేబుల్

పంతులు గారూ, లెక్క మంచిగుంది. గానీ ఔట్స్ (పడితే మనల్ని గెలిపించే ముక్కలు) 9 అనుడే నాకు సరిగ్గ అనిపిస్తలేదు. ఆసు పడితే? ఆయన దగ్గర రాజు-రాణి ఉంటే మనకు ఆసు జత కూడా గెలుపే. అప్పుడు 9 కాదు, 12. మరి ఆయన దగ్గర 8ల సెట్ (బల్ల మీది దాంతోని కలిపి మూడు 8లు) ఉంటే? రివర్ల ఆఠీను 3, ఆఠీను 5 పడితే మనకు ఫ్లష్, ఆయనకు ఫుల్ హౌస్ (ఒక అంకెవి మూడు, ఇంకో అంకెవి రెండు; ఫ్లష్‌ను కొడతది). గవి రెండూ మనకు విషం. అప్పుడు ఔట్స్ 7 మాత్రమే. ఎదుటి చెయ్యి చూడకుంట ఔట్స్ ఎట్ల లెక్కపెడతం?

#8 ఇస్పేటురాణి

డాలస్ అన్నా, అసలైన ప్రశ్న అడిగారు. ధర లెక్క ఐదో తరగతి పిల్లలు కూడా వేస్తారు. డబ్బు పోయేది ఔట్స్ లెక్క దగ్గరే.

ఒక్క చేతిని ఊహించి లెక్కపెట్టకూడదు. ఇలా బెట్ వేయగల చేతులన్నీ రాసుకుని, ఒక్కోటీ ఎన్ని రకాలుగా ఉండగలదో చూసి సగటు తీయాలి. బల్ల మీద ఒక రాజు, మన దగ్గర ఒక ఆసు పోయాయి కాబట్టి:

రాజు-రాణి: మిగిలిన రాజులు 3, రాణులు 4, మొత్తం 12 కాంబోలు (రెండు ముక్కల జోడీలు). రాజు-జాకీ మరో 12. ఈ 24 మీద మనకు 12 ఔట్స్.

ఆసు-రాజు: 3 ఆసులు, 3 రాజులు, 9 కాంబోలు. ఆసు పడితే ఆయనకు రెండు జతలు వస్తాయి, మనకు పనికిరాదు. 9 ఔట్స్.

8ల సెట్ 3, 3ల సెట్ 3. ఈ 6 మీద 7 ఔట్స్.

మొత్తం 39 కాంబోలు. 24ను 12తో, 9ని 9తో, 6ను 7తో గుణించి కలిపితే 411. దాన్ని 39తో భాగిస్తే 10.5. కొన్ని రాజు-రాణి చేతుల్లో ఆఠీను రాణి కూడా ఉంటుంది, అది మన ఔట్ ఒకటి తినేస్తుంది. ఆ సవరణ చిన్నది, వదిలేశాను.

పదిన్నర ఔట్స్ అంటే 22.8 శాతం, ఇప్పటికీ 28.6కు తక్కువే. కొరత మాత్రం 161 నుంచి 88కి దిగింది. కానీ రివర్‌లో ఆసు పడితే అదనంగా డబ్బు వచ్చేది అరుదు. అంటే ఆ 88 అంతా ఆఠీను పడిన సార్లలోనే రావాలి, అప్పుడది నూటికి పైనే అవుతుంది. మిగిలిన 140లో సగటున నూరు పైన. చాలా టేబుళ్ల మీద అది రాదు. నా తీర్పు ఇప్పటికీ ఫోల్డే, కానీ పంతులు గారి లెక్క చూపినంత దూరంలో లేదు.

#9 ఫోల్డ్‌ఫస్ట్

ఇదంతా టేబుల్ మీద 20 సెకన్లలో ఎవరు చేస్తారు? నాలుగుతో గుణించు, రెండుతో గుణించు అన్న సూత్రం చాలదా?

#10 లెక్కలపంతులు

చాలు, దాని హద్దు తెలిస్తే. ఒక్క ముక్క రావాల్సి ఉంటే ఔట్స్ ఇంటూ 2, రెండు ముక్కలూ తప్పక చూస్తామంటే ఇంటూ 4. 9 ఔట్స్‌కు 36 వస్తుంది, అసలు 35. 4 ఔట్స్‌కు 16, అసలు 16.5. బాగానే ఉంది. 15 ఔట్స్ దగ్గర 60 చూపిస్తుంది, అసలు 54.1. అందుకే 8 దాటిన ప్రతి ఔట్‌కూ ఒకటి తీసేయాలి. 15కు 60లోంచి 7 పోతే 53. ఒక్క ముక్క లెక్క కొంచెం తక్కువ చూపిస్తుంది. 9కి 18 అంటుంది, అసలు 19.6.

15 ఔట్స్ అనగానే ఇంకో పొరపాటు గుర్తొచ్చింది. ఆఠీను జాకీ, ఆఠీను 10 చేతిలో ఉండి, ఫ్లాప్‌లో ఆఠీను రాణి, కళావరు 9, ఆఠీను 4 పడితే ఫ్లష్‌కు 9, స్ట్రెయిట్‌కు (వరుసగా ఐదు ముక్కలకు) రాజులు నాలుగూ 8లు నాలుగూ కలిపి 8, మొత్తం 17 అంటారు. ఆఠీను రాజు, ఆఠీను 8 రెండుసార్లు లెక్కలోకి వచ్చాయి. 15 మాత్రమే.

టేబుల్ మీద నేను చెప్పే పద్ధతి శాతాలు వేయకుండా పాట్‌లో ఎంత వంతు బెట్ దాకా నేరుగా కాల్ చేయొచ్చో గుర్తుంచుకోవడం. టర్న్ మీద, ఒక్క ముక్క మిగిలినప్పుడు: ఫ్లష్ డ్రాకు పాట్‌లో మూడో వంతు కన్నా కాస్త తక్కువ బెట్ దాకా సరిపోతుంది. రెండు వైపులా తెరిచిన స్ట్రెయిట్ డ్రాకు నాలుగో వంతు. మధ్యలో ఒక్క ముక్క కావాల్సిన గట్‌షాట్‌కు పదో వంతు. 12 ఔట్స్ ఉంటే సగానికి కొంచెం పైన. 15 ఉంటే దాదాపు పాట్ అంత బెట్ కూడా భరించొచ్చు. అంతకు మించి బెట్ వస్తే, తేడా తర్వాతి రౌండ్‌లో రాబట్టగలమా అని అడగాలి. ఎదుటివాడి చిప్స్ చూడకుండా ఆ ప్రశ్నకు జవాబు ఉండదు.

#11 డాలస్_టేబుల్

ఒక ముచ్చట కలుపుత. మన వెనకాల ఇంక ఎవరన్న ఆడేటోళ్లు ఉంటే ఈ ధర పక్కా కాదు. మనం 45 పెట్టినంక వెనకాయన 180కి రైజ్ చేస్తే (బెట్ పెంచితే) 45 ఊరికే పోయినట్టే. కొత్తపేక చెప్పిన చేతిల మన కాల్‌తోని రౌండ్ అయిపోతది కాబట్టి ఆ భయం లేదు.

ఇంకోటి రేక్, అంటే పాట్‌ల నుంచి కార్డ్ రూమ్ తీసుకునే వాటా. లైవ్ గేమ్‌ల డీలర్ పాట్ పెరిగినకొద్దీ తీసి డబ్బాల వేస్తడు, గరిష్ఠం దాటినంక ఇంక తియ్యడు. అప్పటికి మధ్యల మిగిలిందే పాట్, దాన్నే లెక్కపెట్టాలె. గరిష్ఠం ఇంక రాకముందు చిన్న పాట్‌ల మీద తేడా బాగనే ఉంటది. 40 పాట్‌ల 20 బెట్ వస్తే మామూలుగ 25 శాతం కావాలె. చివరికి 4 డాలర్లు పోయి 76 చేతికొస్తదంటే 26.3 కావాలె.

#12 మోడరేటర్

ఒక సూచన. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో తమ గేమింగ్ చట్టాలను సవరించి డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు కూడా దేశమంతటికీ అలాంటి చట్టమే చేసింది. ఈ చర్చ విదేశాల్లో కార్డ్ రూమ్‌లలో ఆడేవాళ్ల కోసం, గణితం మీద ఆసక్తి ఉన్నవాళ్ల కోసం. యాప్ లింకులు పెడితే తొలగిస్తాం.

#13 రివర్‌దాకా

డ్రా సంగతి తెలిసింది. రివర్‌లో ఇక పడే ముక్కేమీ లేనప్పుడు ఔట్స్ ఉండవు కదా. రాజు జత ఉంది, ఎదుటివాడు పెద్ద బెట్ వేశాడు. బ్లఫ్ అనిపిస్తోంది. దీనికి ఏ లెక్క?

#14 ఇస్పేటురాణి

ధర లెక్క అదే. గెలుపు శాతం మాత్రం ఔట్స్ నుంచి కాకుండా, ఆయన చేతుల్లో బ్లఫ్‌లు ఎంత శాతమన్నదాని నుంచి వస్తుంది.

బల్ల: ఇస్పేటు రాజు, ఇస్పేటు 8, డైమన్ 4, కళావరు 2, ఆఠీను జాకీ. మన దగ్గర డైమన్ రాజు, డైమన్ రాణి. పాట్ 200, బెట్ 150. 500లో 150 అంటే 30 శాతం.

మనల్ని కొట్టే చేతులు: ఆసు-రాజు 8 కాంబోలు (రాజులు రెండే మిగిలాయి), రాజు-జాకీ 6, 8ల సెట్ 3, 4ల సెట్ 3. మొత్తం 20.

ఓడిపోయే చేతులు, అంటే ఫ్లష్ పడక మిగిలిన ఇస్పేటు జోడీలు: ఆసు-5, ఆసు-3, రాణి-10, 10-9, 9-7, 7-6, 6-5. ఒక్కోటీ ఒక్క కాంబోనే, మొత్తం 7.

27లో 7 అంటే 26 శాతం. 30 కావాలి, కాబట్టి ఫోల్డ్. అదే చేతులతో ఆయన 100 వేసి ఉంటే 400లో 100, 25 శాతం చాలు. కాల్.

ఇప్పుడు చూడండి, మన రాణి డైమన్ కాకుండా ఇస్పేటు అయితే? మన చెయ్యి బలం ఇసుమంత కూడా మారలేదు. కానీ ఇస్పేటు రాణి మన దగ్గరుంటే ఆయన దగ్గర ఇస్పేటు రాణి-10 ఉండే వీలు లేదు. బ్లఫ్‌లు 6కు తగ్గాయి. 26లో 6, 23 శాతం. 100 బెట్‌కు కూడా ఫోల్డే. రివర్‌లో పడని డ్రా రంగు ముక్క మన చేతిలో ఉంటే కాల్‌కు అది చెడ్డది. ఎక్కువమంది తిరగేసి అనుకుంటారు.

ఈ ఏడు జోడీలనూ ఆయన ప్రతిసారీ బ్లఫ్ చేస్తాడని అనుకుని లెక్క వేశాం. చిన్న టేబుళ్ల మీద సగం మంది పడని డ్రాతో రివర్‌లో చెక్ చేసేస్తారు. అలాంటి మనిషైతే 7 బదులు 3 అనుకోండి, 13 శాతం. అప్పుడు 100 బెట్‌కూ ఫోల్డ్ చేయడమే.

#15 ఫోల్డ్‌ఫస్ట్

టోర్నమెంట్‌లో కూడా ఇదే అంకెలా? అక్కడ చిప్స్ డబ్బు కాదు కదా.

#16 లెక్కలపంతులు

టోర్నమెంట్ మొదట్లో దాదాపు ఇదే. బహుమతుల గీత దగ్గరపడేకొద్దీ చాలా మారుతుంది. నలుగురు మిగిలారు, అందరికీ సమానంగా చిప్స్, మొదటి ముగ్గురికి 50, 30, 20 శాతం చొప్పున బహుమతి అనుకోండి. ఒకరు ఆల్ ఇన్. బ్లైండ్స్‌ను (ముక్కలు చూడకముందే ఇద్దరు తప్పక పెట్టే పందేలను) పక్కన పెడితే చిప్స్ లెక్క ప్రకారం 50 శాతం గెలుపు చాలు.

డబ్బు లెక్క వేరు. ఇప్పుడు ఒక్కొక్కరి వాటా 25 శాతం. గెలిస్తే చిప్స్ రెట్టింపై, మొత్తంలో సగం మన దగ్గర ఉంటుంది, మిగతా ఇద్దరికీ పావు చొప్పున. మొదటి స్థానం వచ్చే అవకాశం 50 శాతం, రెండోది 33.3, మూడోది 16.7. వీటిని బహుమతులతో గుణించి కలిపితే 38.3. చిప్స్ రెట్టింపైనా డబ్బు 25 నుంచి 38.3కే పెరిగింది. 25ను 38.3తో భాగిస్తే 65 శాతం. అంటే 60 శాతం గెలిచే చేతిని కూడా ఫోల్డ్ చేయాలి. స్థానాల అవకాశాలు వేసే ఈ సూత్రాన్ని 1973లో డేవిడ్ హార్విల్ గుర్రపు పందేల కోసం రాశాడు. 1987లో మేసన్ మాల్మత్ పోకర్‌కు వాడాడు. దాన్నే ఇప్పుడు ఐసీఎం (ఇండిపెండెంట్ చిప్ మోడల్) అంటున్నాం.

#17 కొత్తపేక

మొదటి చేతి టర్న్ దగ్గరకే వస్తాను. 100 బెట్‌కు కాల్ కుదరదన్నారు. కాల్ బదులు మొత్తం 240 ఆల్ ఇన్ పెడితే? ఆయన ఫోల్డ్ చేసినా గెలుస్తాం కదా.

#18 ఇస్పేటురాణి

లెక్క వేయొచ్చు. ఆయన ఫోల్డ్ చేస్తే మధ్యలో ఉన్న 250 మనదే. కాల్ చేస్తే ఆయన ఇంకో 140 పెడతాడు, పాట్ 630 అవుతుంది. కాల్ చేసే చేతులు సెట్లు, ఆసు-రాజు లాంటి గట్టివే కాబట్టి మన గెలుపును 20 శాతం అనుకుందాం. 630లో 20 శాతం 126, పెట్టింది 240. కాల్ వచ్చిన ప్రతిసారీ 114 నష్టం. ఫోల్డ్ వస్తే 250 లాభం. 114ను 364తో భాగిస్తే 31. నూటికి 31 సార్లకు మించి ఆయన ఫోల్డ్ చేస్తేనే ఆల్ ఇన్ లాభం.

ఆయన వైపు నుంచి చూడండి. 140 పెడితే 630 పాట్, 22 శాతం గెలుపు చాలు ఆయనకు. రాజు-జాకీ ఉన్నా కాల్ చేయడమే సరైన ఆట. ఆ ధరకు రాజు జతను వదిలే మనిషి 1-3 టేబుల్ మీద కనబడేది తక్కువ.

#19 డాలస్_టేబుల్

అవును, 300తో కూసున్నప్పుడు టర్న్‌ల ఆ రైజ్ వట్టిదే. గదే రైజ్ ఫ్లాప్ మీద చేసుంటే వేరే సంగతి. అప్పుడు ఆయన ఇంకో 240 పెట్టాల్సొస్తది, మనకు రెండు ముక్కలు చూసే వీలుంటది, 35 శాతం అప్పుడు నిజంగనే లెక్కకొస్తది.

#20 కొత్తపేక

సరే. ఫ్లాప్‌లో 45కు కాల్ లేదా ఆల్ ఇన్, టర్న్‌లో 100కు ఫోల్డ్. ఫ్లాప్ ఆల్ ఇన్‌కు ఎంత శాతం ఫోల్డ్ కావాలో ఇదే పద్ధతిలో వేసి, కాల్‌తో పోల్చి కొత్త చర్చగా పెడతాను.